తిండి మానేసిన పిల్ల

డిసెంబర్ మొదట్లో ఒక ఆదివారం మా చెల్లెలు నొయెమి పొసోలే గిన్నెను పక్కకు నెట్టేసింది. పంది మాంసం, లావు మొక్కజొన్న గింజలు వేసి అమ్మ పొద్దుటి నుంచి ఉడికించిన పులుసు అది. మా ఇంట్లో దాన్ని వద్దన్నవాళ్ళు అంతవరకూ లేరు.

"ఆకలి లేదమ్మా."

"ఆకలి లేకపోవడమేంటి? పొద్దున కూడా ఏం తినలేదు నువ్వు."

"తిన్నాను. నువ్వు చూళ్ళేదు."

అమ్మ నా వైపు చూసింది. నాకేం తెలుసన్నట్టు పెదవి విరిచాను. నాన్న తలెత్తకుండా తింటున్నాడు. వారమంతా చలిలో ఆపిల్ తోటల్లో నిచ్చెనెక్కి కొమ్మలు కత్తిరించిన మనిషి, ఆదివారం భోజనం దగ్గర ఆయనకు మాటలుండవు.

అమ్మ పేరు యులాలియా, నాన్న ఇలారియో. నేను పుట్టడానికి ఏడాది ముందు మెక్సికోలో మిచోకాన్ కొండల నుంచి ఈ యాకిమా లోయకు వచ్చారు. అప్పట్నుంచీ నాన్నది తోటల్లో పని, అమ్మది ఆపిల్ పళ్ళు ఏరి పెట్టెల్లో సర్దే షెడ్డులో పని. ఈ దేశంలో ఉండటానికి ఇద్దరికీ కాగితాలు లేవు. నేనూ నొయెమీ ఇక్కడే పుట్టాం కాబట్టి మాకా బెంగ లేదు. కానీ ఒకింట్లో ఇద్దరికి ఉన్న బెంగ మిగతా ఇద్దరికి అంటకుండా ఉండదు. పోలీసు కారు కనపడితే నేను ఈ రోజుకీ స్టీరింగ్ గట్టిగా పట్టుకుంటాను.

అప్పుడు నాకు పాతికేళ్ళు. దంతవైద్యుడి దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తూ అమ్మానాన్నలతోనే ఉండేదాన్ని. నొయెమికి పదహారు.

ఆ ఆదివారంతో అయిపోలేదు. పిల్ల పొద్దున కాఫీ తాగి వెళ్ళిపోయేది. స్కూలు నుంచి చీకటి పడ్డాక వచ్చేది. అడిగితే లైబ్రరీ అనేది. బల్ల దగ్గర కూర్చుని రొట్టెను తుంపులు చేసి పళ్ళెంలో అటూ ఇటూ జరిపేది. ఒకరోజు బల్ల కింద మా కుక్క మూతి నాకుకోవడం అమ్మ కంటపడింది.

"నా చేతి వంట కుక్కకి పెడుతున్నావే?"

"కింద పడిందమ్మా. నేను పెట్టలేదు."

"అన్నీ నీ చేతిలోంచే పడతాయేం?"

ఇంకో రోజు అమ్మ నన్ను వంటింటి కిటికీ దగ్గరకు లాక్కెళ్ళింది. అప్పుడే తెల్లవారుతోంది. మంచు పొగలో నొయెమి వీధి చివరి నుంచి పరిగెత్తుకుంటూ వస్తోంది. ఒకదానిమీద ఒకటి స్వెట్టర్లు, వాటిపైన నల్లటి చెత్త సంచీకి చిల్లులు పెట్టి తొడుక్కుంది. మొహం కందిపోయి ఉంది.

"ఏంటిది అరసేలీ? పిచ్చిగానీ పట్టలేదు కదా దానికి?"

"ఇప్పుడు పిల్లలందరూ పరిగెడుతున్నారమ్మా. సన్నబడాలని."

"సన్నబడ్డానికి అక్కడేముందని? ఎముకలే కదా ఉన్నాయి."

నాతో అలా అంది గానీ అమ్మ మనసులో నడుస్తున్నది వేరు. షెడ్డులో ఆమె పక్కన నిలబడి పళ్ళేరే ఒకావిడ కూతురు ఇలాగే తిండి మానేసి ఆస్పత్రిలో పడిందట. ఇంకొకావిడ కూతురు కడుపుతో ఉండి తిండి సహించక మానేసిందట. బెల్టు మీద ఆపిల్ పళ్ళు దొర్లిపోతూంటే ఆ ఆడవాళ్ళు ఎనిమిది గంటలూ చెప్పుకునే కబుర్లన్నీ అమ్మ మా ఇంటికి మోసుకొచ్చేది. నిద్రపట్టేది కాదు ఆమెకు. నొయెమి స్నానానికి వెళితే తలుపు బయట నిలబడి వాంతి చప్పుడు వినపడుతుందేమోనని చెవి ఒగ్గేది.

"నువ్వడుగు. నీకు చెప్తుంది" అని నన్ను పంపింది.

వెళ్ళి అడిగాను. నొయెమి మంచం మీద బోర్లా పడుకుని ఫోన్‌లో ఏవో వీడియోలు చూస్తోంది. నన్ను చూసి ఫోన్ బోర్లించింది.

"ఏం జరుగుతోందే?"

"ఏం లేదక్కా."

"అమ్మ చచ్చిపోతోంది బెంగతో."

"అమ్మ ఎప్పుడూ అంతే కదా. బెంగ లేకపోతే బెంగ ఏమైందని బెంగపెట్టుకుంటుంది."

"నాకు చెప్పొచ్చుగా?"

"నీకు చెప్తే అమ్మకు చెప్పినట్టే. నువ్వు సగం అమ్మవి."

ఆ మాట నాకు గుచ్చుకుంది. దానిలాగా ఎదురు చెప్పడం నాకెప్పుడూ చేతకాలేదు. నేను దాని వయసులో ఉన్నప్పుడు స్కూలు పాటల బృందంలో ఉండేదాన్ని. సియాటిల్‌లో ఒక పెద్ద హాల్లో పాడటానికి మా బృందాన్ని పిలిచారు. ఒక్క రాత్రి హోటల్లో ఉండాలి. అమ్మ వద్దంది. ఆడపిల్ల పరాయి చోట పడుకోవడం మన ఇళ్ళలో లేదు అంది. నేను ఏడవలేదు, గొడవ పడలేదు. బస్సు వెళ్ళిన రోజు ఇంట్లో కూర్చుని అమ్మతో కలిసి బీన్స్‌లో రాళ్ళేరాను. మళ్ళీ ఆ బృందంలోకి పోలేదు. పిన్నులూ అత్తలూ వచ్చినప్పుడు అరసేలిది ఎంత మంచి బుద్ధి అని అమ్మ చెప్పుకునేది. వింటూ ఊరుకునేదాన్ని.

క్రిస్మస్‌కు వారం ముందు దోన్యా చాయో వచ్చింది. ఆవిడ మా పక్కింటావిడ, చర్చిలో నొయెమి జ్ఞానస్నానానికి నిలబడిన జ్ఞానతల్లి. అమ్మా ఆవిడా ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు. చేతిలో పచ్చి గుడ్డు, ఘాటు వాసనేసే సదాపాకు రెమ్మ తెచ్చింది. పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి నెత్తి నుంచి పాదాల దాకా గుడ్డుతో నిమురుతూ ప్రార్థన చదివింది. తర్వాత గ్లాసు నీళ్ళల్లో గుడ్డు కొట్టి వెలుతురుకు ఎత్తి పట్టింది.

"చూశావా వదినా, ఈ తీగలు? దడుపు. పిల్ల దేన్నో చూసి జడుసుకుంది."

"ఎవరే నిన్ను భయపెట్టింది? చెప్పు బంగారం" అంది అమ్మ.

"ఎవరూ లేరమ్మా." నొయెమి గ్లాసు వంక అదోలా చూస్తోంది. "పెద్దమ్మా, దీన్ని పారబోస్తారా? ఉడకబెట్టుంటే తెల్లసొన తినేదాన్ని కదా."

దోన్యా చాయో మూడుసార్లు శిలువ గుర్తు వేసుకుంది. "దడుపు తీసిన గుడ్డును తింటానంటోంది వదినా! ఇది మామూలు దడుపు కాదు."

నేను నవ్వాపుకోలేక బయటకు వెళ్ళాను. అమ్మ మాత్రం నవ్వలేదు. పిల్లకు ఆకలవుతోందని, అయినా తినడం లేదని ఆమెకు అప్పుడు అర్థమైంది. దాంతో భయం ఇంకా పెరిగింది.

జనవరిలో స్కూళ్ళు తెరిచాక ఒక పొద్దున అమ్మ ఉతికిన తువ్వాళ్ళు పెట్టడానికి నొయెమి గదిలోకి వెళ్ళింది. పిల్ల చొక్కా మార్చుకుంటోంది. జబ్బ మీద నాలుగు వేళ్ళ గుర్తులు, నల్లగా కమిలి ఉన్నాయి. వీపు మీద గీరుకుపోయిన చారలు. అమ్మ అరవలేదు. తువ్వాళ్ళు మంచం మీద పెట్టి బయటకు వచ్చి, వంటింట్లో గోడకు ఆనుకుని నిలబడింది. నొయెమి స్కూలుకు వెళ్ళేదాకా అలాగే నిలబడి ఉంది. తర్వాత నాన్నకు ఫోన్ చేసింది.

నాన్న పని మధ్యలో ఎప్పుడూ రాడు. ఆ రోజు వచ్చాడు. బూట్లకు బురదతోనే ఇంట్లోకి నడిచాడు.

"ఎవడు వాడు?"

"తెలీదు. లైబ్రరీ అంటుంది రోజూ. ఏ వెధవో కొడుతున్నాడు దాన్ని. తిండి కూడా వాడి వల్లే మానేసింది" అంది అమ్మ.

"సాయంత్రం స్కూలుకు పోదాం. వాడెవడో నా కళ్ళతో చూడాలి."

"నాన్నా, నేను మాట్లాడతాను ముందు" అన్నాను.

"నువ్వు మాట్లాడింది చాలు. నువ్వు కారు తోలు."

స్కూలు గుమ్మం దగ్గర అమ్మ ఆగిపోయింది. నొయెమి ఆ స్కూల్లో చేరాక అమ్మ ఎప్పుడూ లోపలికి రాలేదు. ఇంగ్లీషు కాగితాలు ఏమొచ్చినా చిన్నప్పట్నుంచీ నొయెమే నింపేది, అమ్మ సంతకం కూడా అదే పెట్టేసేది. లోపల బల్ల దగ్గర కూర్చున్నావిడ గుర్తింపు కార్డు అడుగుతుందని అమ్మకు ఎవరో చెప్పారు.

"నన్నడిగితే?"

"నాది ఇస్తానమ్మా. నీ దగ్గరేం అడగరు."

"అడిగితే?"

అడగలేదు. నా లైసెన్సు చూసి బల్ల దగ్గరావిడ ముగ్గురికీ చొక్కాలకు అంటించుకునే చీటీలు ఇచ్చి, నొయెమి జిమ్‌లో ఉందని చెయ్యి చూపించింది. అమ్మ ఆ చీటీని కోటు లోపలి వైపు అంటించుకుంది.

జిమ్ తలుపు తియ్యగానే చెమట వాసన, కేకలు. నేల మీద నీలం రంగు మ్యాట్‌లు పరిచి ఉన్నాయి. వాటి మీద ఆడపిల్లలు ఇద్దరిద్దరుగా కలబడుతున్నారు. మధ్యలో మా నొయెమి. దానికంటే పెద్ద పిల్లొకతె మెడ చుట్టూ చెయ్యి బిగించి దాన్ని నేలకు అణిచేస్తోంది. నొయెమి మొహం ఎర్రగా ఉబ్బిపోయింది.

"వదలవే! వదులు మా పిల్లని!"

చెప్పులతోనే మ్యాట్ మీదికి పరిగెత్తింది అమ్మ. చేతిసంచీతో ఆ పిల్ల వీపు మీద ఒక్కటిచ్చింది. జిమ్‌లో అందరూ ఆగిపోయారు. ఆ పిల్ల లేచి రెండు చేతులూ పైకెత్తింది, పోలీసులు వచ్చినట్టు.

"అమ్మా! అమ్మా, ఆగు! ఇది ఆట! కుస్తీ! మా టీమ్ ఇది!"

"ఏం టీమ్?"

"కుస్తీ టీమ్ అమ్మా. నేను కుస్తీ పడతాను. అది నా ఫ్రెండ్."

అమ్మ ఆ ఫ్రెండ్ వంక, తన చేతిసంచీ వంక చూసుకుంది. నొయెమి రెండు చేతులతో మొహం కప్పుకుంది. సిగ్గుతో చచ్చిపోతున్న పిల్లను నేను మొదటిసారి చూశాను. నాన్న తలుపు దగ్గరే టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. కొట్టడానికి వచ్చిన మనిషికి కొట్టాల్సినవాడు కనపడకపోతే ఎలా ఉంటుందో అలా ఉన్నాడు.

కోచ్ మా దగ్గరకు వచ్చింది. పొట్టిగా, దిట్టంగా, జుట్టు లాగి ముడేసుకున్న మనిషి. పేరు వాలెంజువెలా. వాళ్ళ తాత ఈ లోయకు బీరులో వేసే హాప్స్ కాయలు కొయ్యడానికి వచ్చాడట. పేరు మాత్రం ఆయనది మిగిలింది, భాష మిగల్లేదు. అయినా ధైర్యం చేసి స్పానిష్‌లోనే మొదలుపెట్టింది.

"అమ్మగారూ, నేను క్షమించు. నా మాట చాలా చెడ్డది ఉన్నాడు. మీ అమ్మాయి గట్టివాడు. చాలా గట్టివాడు."

అమ్మ నా చెవిలో అంది. "పేరు చూస్తే మనవాళ్ళ పేరే. పాపం, ఈవిడకి ఇంట్లో మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరా?"

"అమ్మా, వింటోంది."

"విననీ. నా పిల్లల పిల్లలు కూడా ఇలాగే మాట్లాడతారు కాబోలు." ఆ భయంలో కూడా ఆ కొత్త బెంగ ఒకటి పెట్టుకుంది.

తర్వాత అమ్మ కోచ్ మొహం మీదే అడిగింది, నేను ఇంగ్లీషులో చెప్పాను. ఈ ఆట కోసం పిల్ల తిండెందుకు మానేసింది? నెల రోజుల నుంచి ఏం తినడం లేదు, మీకు తెలుసా? కోచ్ మొహం మారిపోయింది. నొయెమిని దగ్గరకు పిలిచి నిలదీసింది. దాని బరువు విభాగంలో వాళ్ళ టీమ్‌లోనే దానికంటే బాగా ఆడే పిల్ల ఉందట. కింది విభాగంలో చోటు ఖాళీగా ఉందని, ఎవరికీ చెప్పకుండా తిండి మానేసి, చెత్త సంచీ తొడుక్కుని పరిగెత్తి, బరువు దింపుకుంటోందట ఈ మహాతల్లి.

"నాకు తెలీదు అమ్మగారూ. నాకు తెలిస్తే నేను కొడతాడు దీన్ని" అంది కోచ్. తర్వాత నొయెమి వైపు తిరిగి ఇంగ్లీషులో కరుగ్గా చెప్పింది. మామూలుగా తిని పై విభాగంలో ఆడాలి. అమ్మ సరే తింటోంది అని చెప్పేదాకా మ్యాట్ మీద కాలు పెట్టకూడదు.

ఆ మాట నేను చెప్పగానే అమ్మ ఆవిడను కొత్తగా చూసింది.

ఇంట్లో మాత్రం పెద్ద గొడవే అయింది.

"ఆడపిల్లకి కుస్తీ ఏంటే? మెడ విరిగితే?"

"ఎవరికీ విరగలేదమ్మా ఇంతవరకూ."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఒప్పుకునేదానివా? పాట పాడ్డానికే అక్కని పంపలేదు. కుస్తీకి నన్ను పంపుతావా?"

గదిలో ముగ్గురూ నా వైపు చూశారు. నేను గిన్నెలు కడుగుతున్నాను. నీళ్ళు అలా పోతూనే ఉన్నాయి.

"దాన్నెందుకు తెస్తావు మధ్యలోకి?" అంది అమ్మ, గొంతు తగ్గించి.

నాన్న నొయెమి వైపు తిరిగాడు. "మేం వెళ్ళేసరికి నువ్వు కింద ఉన్నావు కదా. పైకి రాగలవా అక్కణ్ణించి?"

"రాగలను నాన్నా. అమ్మ మధ్యలో వచ్చింది గానీ, ఇంకో రెండు సెకన్లుంటే తిప్పేసేదాన్ని."

"ఊఁ" అన్నాడు నాన్న. అమ్మ ఆయన్ని ఒక చూపు చూసింది.

ఒప్పుకున్నాను అని అమ్మ ఎప్పుడూ అనలేదు. పొద్దున గుడ్లు, బీన్స్ పళ్ళెంలో పెట్టి ఎదురుగా కూర్చునేది. అది తినేదాకా లేచేది కాదు. తిన్నాక కోచ్‌కు ఫోన్‌లో నాచేత ఒక మాట పంపించేది, తింది అని. ఊళ్ళో జరిగే పోటీలకు వచ్చేది. వచ్చి మొహం గోడ వైపు తిప్పుకుని జపమాల తిప్పేది. "అయిపోయిందా? లేచిందా?" అని నన్ను అడిగేది. నేను లేచిందన్నాక ఇటు తిరిగేది.

ఫిబ్రవరిలో నొయెమి రాష్ట్ర పోటీలకు ఎంపికైంది. పోటీలు టకోమాలో. కొండల అవతల, సముద్రం వైపు. టీమ్ అంతా బస్సులో వెళ్ళి రెండు రాత్రులు హోటల్లో ఉండాలి.

ఆ మాట నొయెమి భోజనాల దగ్గర చెప్పింది. చెప్పి అమ్మ వైపు చూడకుండా నా వైపు చూసింది. అమ్మ రొట్టెలు కాలుస్తోంది. పెనం మీద రొట్టె మాడుతున్నా తిప్పలేదు.

నాకు ఆ క్షణంలో ఏమనిపించిందో దాచకుండా చెబుతాను. అమ్మ వద్దంటే బావుండుననిపించింది. నాకు దక్కనిది దానికెందుకు దక్కాలి అనిపించింది. దాని మొహం చూశాను. రోజూ తిట్లు తిని, చలిలో పరిగెత్తి, పెదవి పగలగొట్టుకుని, దీని కోసం అన్నీ పడింది. నేను ఒక్క మాట కూడా అడగకుండా బీన్స్‌లో రాళ్ళేరాను.

"పంపించమ్మా" అన్నాను. "నన్ను పంపలేదు. దాన్నైనా పంపించు."

అమ్మ మాడిన రొట్టెను చెత్తలో పడేసింది. ఇంకో రొట్టె పెనం మీద వేసి అంది. "బస్సులో వెళ్ళనీ. నువ్వు నన్ను కారులో తీసుకురా, వెనకాలే."

"నువ్వా? కనుమ దాటా?"

"ఆఁ. నేనే."

ఇన్నేళ్ళలో అమ్మ ఈ లోయ దాటి వెళ్ళలేదు. కొండల మధ్య కనుమ దారిలో పోలీసులు ఆపుతారని, అడుగుతారని, ఆపినవాళ్ళు మళ్ళీ కనపడలేదని షెడ్డులో కథలు. ఈ రాష్ట్రంలో పోలీసులు కాగితాల సంగతి అడగకూడదని చట్టముందని నేను ఎన్నోసార్లు చెప్పాను. చట్టం పుస్తకంలో ఉంటుంది, రోడ్డు మీద మనిషి ఉంటాడు అనేది.

"నేనూ వద్దునా?" అన్నాడు నాన్న. అని తనే తల అడ్డంగా ఊపాడు. ఇద్దరూ ఒకే కారులో దూరం వెళ్ళకూడదని వాళ్ళ నియమం. ఒకరికేమైనా అయితే ఇంకొకరు ఉండాలి. "నువ్వే వెళ్ళు. అరవడం నీకే బాగా వచ్చు."

బస్సు గురువారం వెళ్ళింది. మేం శుక్రవారం పొద్దున బయల్దేరాం. దోన్యా చాయో కారు అద్దం మీద పవిత్ర జలం చల్లింది, అది వెంటనే గడ్డకట్టి అద్దానికి మచ్చలు పడ్డాయి. అమ్మ ఒళ్ళో చేతిసంచీ, దాని మీద జపమాల. పోలీసు ఆపితే తడబడకుండా అనాలని దారంతా గుడ్ మార్నింగ్, గుడ్ మార్నింగ్ అని లోపల్లోపల అనుకుంటూనే ఉంది.

కనుమ దగ్గరకు వచ్చేసరికి మంచు మొదలైంది. ముందు కార్లు నెమ్మదించి ఆగిపోయాయి. దూరంగా ఎర్ర నీలం దీపాలు తిరుగుతున్నాయి. పెద్ద టోపీ పెట్టుకున్న పోలీసొకడు ఒక్కో కారు దగ్గరా వంగి మాట్లాడుతూ ఇటే వస్తున్నాడు.

"ఏంటది అరసేలీ? ఎందుకాపారు?"

"మంచు కదమ్మా. జారకుండా చక్రాలకు గొలుసులున్నాయో లేదో చూస్తున్నారు."

"అలాగే చెప్తారు ముందు."

"నిజంగా అదేనమ్మా."

"వెనక్కి తిప్పలేమా?"

వెనక కార్లు బారు తీరి ఉన్నాయి. నేను బ్రేకును అవసరం లేనంత గట్టిగా నొక్కి పెట్టాను.

పోలీసు మా కిటికీ దగ్గరకు వచ్చాడు. గొలుసులున్నాయా అన్నాడు. డిక్కీలో ఉన్నాయన్నాను. ఇక్కణ్ణించి తగిలించుకుని వెళ్ళాలి, పక్కకు తీసి ఆపు అన్నాడు. ఆపాను. దిగాను. అమ్మ కారులో ఒక్కతే ఉండిపోయింది. నేను వెనక చక్రం దగ్గర మంచులో మోకాళ్ళ మీద కూర్చుని గొలుసుతో తంటాలు పడుతున్నాను. వేళ్ళు మొద్దుబారిపోయి కొక్కెం పట్టడం లేదు. తలెత్తి చూస్తే పోలీసు అమ్మ వైపు కిటికీ దగ్గర వంగి ఉన్నాడు. అద్దం సగం దిగి ఉంది. అతను ఏదో అంటున్నాడు. అమ్మ తలూపుతోంది. గాలి హోరులో నాకేం వినపడలేదు. గొలుసు వదిలేసి లేచి ఇటు వచ్చేసరికి అతను నవ్వుతూ కారు పైన అరచేత్తో తట్టి, తర్వాతి కారు వైపు వెళ్ళిపోయాడు.

"ఏమన్నాడమ్మా?"

"ఏమో. నేను అవునన్నాను."

"దేనికి అవునన్నావు?"

"నాకేం తెలుసు? రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ అవునన్నాను." జపమాలను వేళ్ళకు చుట్టుకుంది. "వస్తాడా మళ్ళీ?"

రాలేదు. అతనేమడిగాడో మాకు ఈ రోజుకీ తెలీదు. చలిగా ఉందా అని అయ్యుంటుంది.

గొలుసులతో కారు మెల్లగా ఎక్కుతోంది. వైపర్లు తుడిచే కొద్దీ అద్దం మీద మంచు పడుతూనే ఉంది. కనుమ శిఖరం దాటాక రోడ్డు అవతలి వైపుకు దిగడం మొదలైంది. అమ్మ అప్పుడు మాట్లాడింది, నా వైపు చూడకుండా.

"నీ పాటలప్పుడు నాకు ఈ కొండే కనపడింది."

"ఏ పాటలు?"

"సియాటిల్ వెళ్తానన్నావు కదా. ఆ రాత్రి నీకు జ్వరమొస్తే, బస్సు బోల్తా పడితే, ఎవడన్నా నిన్నేమన్నా చేస్తే, ఫోనొస్తుంది. నేను రావాలి. ఈ కొండ దాటి ఎలా వస్తాను? తల్లి రాలేని చోటికి పిల్లని ఎలా పంపను?"

"ఆడపిల్ల పరాయి చోట పడుకోకూడదు అన్నావు కదమ్మా."

"మరేం చెప్పను? నీ తల్లి పిరికిది, అక్కడిదాకా రాలేదు అని చెప్పనా? మా అమ్మ నాతో అన్న మాటే నీతో అన్నాను. అదైతే నువ్వు ఎదురడగవని."

తొమ్మిదేళ్ళుగా ఆమె మీద పెట్టుకున్న కోపం, మన ఇళ్ళు ఇంతే, మన ఆడవాళ్ళు ఇంతే అని పెట్టుకున్న కోపం, ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పూర్తిగా పోయిందనీ చెప్పలేను. రోడ్డు జారుతోంది, అందుకని ముందుకే చూశాను.

"నాకప్పుడు చెప్పుండాల్సింది" అన్నాను చివరికి.

"ఊఁ" అంది అమ్మ. "చెప్పుండాల్సింది."

టకోమాలో ఆ పెద్ద గుండ్రటి భవనం లోపల ఎటు చూసినా మ్యాట్‌లే, ఎటు విన్నా ఈలలే. మేం పైన మెట్ల మీద రెయిలింగ్ పక్కన కూర్చున్నాం. మొదటి పోటీలో నొయెమి గెలిచింది. అమ్మ ఈసారి గోడ వైపు తిరగలేదు, తిరగడానికి అక్కడ గోడ లేదు. వేళ్ళ సందుల్లోంచి చూసింది.

రెండో పోటీలో ఎదుటి పిల్ల, పై విభాగం కదా, దానికంటే బాగా బరువు. నొయెమిని నడుం దగ్గర పట్టి ఎత్తి పడేసింది. ఆ చప్పుడు మాదాకా వినపడింది. నొయెమి లేవలేదు. రిఫరీ ఈల ఊదాడు. తెల్ల చేతితొడుగుల మనిషొకడు పరిగెత్తుకొచ్చాడు.

అమ్మ లేచి నిలబడింది. కిందికి మెట్లున్నాయి. మెట్ల దగ్గర కాపలావాడున్నా అమ్మను ఆపగలడని నాకు నమ్మకం లేదు. నేను ఆమె కోటు పట్టుకోబోయాను. అక్కర్లేకపోయింది. అమ్మ రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకుని అక్కడే నిలబడింది. పళ్ళు బిగించి ఉంది. కింద కోచ్ వాలెంజువెలా మోకాళ్ళ మీద కూర్చుని నొయెమి మొహం దగ్గర మొహం పెట్టి ఏదో అడుగుతోంది.

"ఏ భాషలో మాట్లాడుతోందో" అంది అమ్మ.

"ఇంగ్లీషులోనేనమ్మా."

"మంచిది. అదైతే సరిగ్గా మాట్లాడుతుంది."

నొయెమి చెయ్యి కదిలింది. లేచి కూర్చుంది. తల ఊపింది. నిలబడి మళ్ళీ కలబడింది, చివరిదాకా ఆడి ఓడిపోయింది. మ్యాట్ దిగి కోచ్ భుజం మీద తల పెట్టి ఏడుస్తోంది. తన పిల్లను ఇంకో ఆడది పొదువుకుని వీపు నిమరడం అమ్మ పైనుంచి చూస్తూ కూర్చుంది. వెళతానని అనలేదు.

"ఇటు చూస్తుందేమో చూడు" అంది కాసేపటికి.

చూడలేదు. సాయంత్రం ఇంకొకటి ఆడి అదీ ఓడిపోయింది. రెండుసార్లు ఓడితే ఇంటికే, దాంతో దాని పోటీ అయిపోయింది. అప్పుడు మెట్లెక్కి వచ్చింది, నుదుటి మీద బొప్పితో. మా ముందు వరసలో కూర్చుని అమ్మ మోకాళ్ళకు వీపు ఆనించింది. దాని వెనకే టీమ్ పిల్లలు నలుగురు వచ్చారు. అమ్మ చేతిసంచీ దెబ్బ తిన్న పిల్ల కొంచెం ఎడంగా కూర్చుంది. అందరూ ఇంగ్లీషులో గలగలా మాట్లాడుకుంటున్నారు. నొయెమి అప్పుడే నవ్వుతోంది.

అమ్మ దాని జుట్టులో చిక్కు తీస్తూ నన్నడిగింది. "ఏమంటున్నారు?"

"వచ్చే ఏడాది సంగతి."

"వచ్చే ఏడాది కూడానా?"

"మరి? దానికింకా రెండేళ్ళుంది."

నాన్న ఫోన్ చేశాడు. అమ్మ ఒక చెవి మూసుకుని గట్టిగా మాట్లాడింది. "ఓడిపోయింది... లేదు, తలకేం కాలేదు, బొప్పి కట్టింది... తింది, నా ముందే తింది. ఈ రాత్రికి వాళ్ళతోనే ఉంటుందట హోటల్లో. నేనూ అరసేలీ వేరే గదిలో ఉంటాం, అదే హోటల్లో... ఆఁ, తలుపుకి గొళ్ళెం ఉందట." కాసేపు వింది. మొహం మళ్ళీ బిగుసుకుంది. ఫోన్ చేత్తో మూసి నా వైపు తిరిగింది.

"రేపు కూడా కనుమ మీద మంచు పడుతుందని రేడియోలో చెప్పారట. ఆ టోపీ మనిషి రేపు కూడా అక్కడే ఉంటాడంటావా?"

"తెలీదమ్మా."

"గొలుసులు ఇప్పుడే తగిలించి ఉంచుకుంటే?"

"పొడి రోడ్డు మీద తెగిపోతాయి."

అమ్మ ఫోన్ మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది. "పొద్దున్నే బయల్దేరతాంలే" అంది నాన్నతో. ఇంకో చేత్తో నొయెమి జడ అల్లడం మొదలుపెట్టింది, ఒక్క చేత్తో కుదరదని తెలిసి కూడా.